అక్షరం ముందు, బొమ్మ తర్వాత: తెలుగు డిజిటల్ కామిక్ త్వరగా పూర్తిచేసే పద్ధతి

డిజిటల్ కామిక్ గీసేవాళ్లు టైమంతా గీతకే పోతుందనుకుంటారు. ఒక్క పేజీకి గడియారం పెట్టి చూడండి, లెక్క వేరేగా తేలుతుంది. బెలూన్‌లో డైలాగు పట్టక, గీసిన తలకాయను పక్కకు జరుపుతుంటాం. రెండో పేజీలో చొక్కాకు ఏ నీలం వేశామో వెతుకుతుంటాం. ఒకదాని మీద ఒకటి పెట్టే బొమ్మ పొరల్లో, అంటే లేయర్లలో, 'లేయర్ 47'లో ఏముందో ఆన్ చేసి, ఆఫ్ చేసి చూస్తుంటాం. ఒకే బస్టాండును ఏడు ప్యానెళ్లలో (పేజీలోని బొమ్మల గళ్లలో) ఏడుసార్లు మొదటినుంచీ గీస్తుంటాం. ఒకసారి తేల్చేసి పక్కన పెట్టాల్సిన విషయాలు పేజీ పేజీకీ మళ్లీ అడ్డం వస్తుంటాయి. పని వేగం పెరగాలంటే ముందు వాటిని తేల్చాలి. తెలుగులో గీసేవాళ్లకు వాటన్నిటిలో మొదటిది అక్షరాలు.

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, గద్వాల వైపు ఉంటూ, చదువో ఉద్యోగమో చేసుకుంటూ సాయంత్రాలు కామిక్స్ గీసేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసిన మార్గదర్శి ఇది. దగ్గర మామూలు ల్యాప్‌టాప్, స్క్రీన్ లేని పెన్ టాబ్లెట్ ఉన్నాయనుకుందాం. బొమ్మకు క్రిటా, అక్షరాలకు ఇంక్‌స్కేప్, ప్రింటుకు స్క్రైబస్ వాడదాం. మూడూ ఉచితమే. క్లిప్ స్టూడియో పెయింట్, ఫోటోషాప్ వాడేవాళ్లకూ పద్ధతి ఇదే, మెనూలు మాత్రం మారతాయి. ఉదాహరణకు 8 పేజీల రంగుల కథ తీసుకుందాం. ఒక అవ్వ, ఆమె మనవడు దేవరకొండ బస్టాండులో బస్సెక్కి నల్లగొండ పక్కన పానగల్ గుడికి చేరతారు.

టైమ్ ఎక్కడ పోతోందో ముందు లెక్క తీయండి

కొత్త పద్ధతి మొదలుపెట్టే ముందు, ఇప్పుడు గీస్తున్నట్టే ఒక పేజీ గీసి ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టండి. కాగితం మీద ఎనిమిది గళ్లు వేసుకోండి: స్క్రిప్టు, రఫ్, పెన్సిల్, ఇంకు, రంగు, అక్షరాలు, ఎక్స్‌పోర్ట్, వెతుకులాట. చివరి గడిని నిజాయితీగా నింపడం ముఖ్యం. ఫోటో కోసం, రంగు కోసం, బ్రష్ కోసం వెతికిన టైమూ, గీసింది చెరిపి మళ్లీ గీసిన టైమూ అందులోకే పోవాలి. రంగుల గడి పెద్దదైతే రంగులు నింపే పద్ధతి మార్చాలి. వెతుకులాట పెద్దదైతే టెంప్లేటు, లైబ్రరీ కావాలి. ఈ లెక్క చూడకుండా కొత్త టాబ్లెట్ కొంటే డబ్బులు పోతాయి, పని మాత్రం అంతే ఉంటుంది.

కరెంటు, చెమట, కీబోర్డు

8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ మీద 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) ఏ4 పేజీ, పాతిక లేయర్ల వరకు ఇబ్బంది లేకుండా నడుస్తుంది. గీత చేతి వెనక ఆలస్యంగా వస్తుంటే ముందు అనుమానించాల్సింది పెద్ద సైజు టెక్స్చర్ బ్రష్‌ని. ఇంకు పనికి మామూలు గుండ్రటి బ్రష్ పెడితే చాలాసార్లు సమస్య అక్కడే తీరిపోతుంది. కాన్వాస్ సైజు మాత్రం తగ్గించకండి, తర్వాత ప్రింటుకు పనికిరాదు.

డెస్క్‌టాప్ మీద గీస్తుంటే యూపీఎస్ తప్పనిసరి. ఆటోసేవ్ 5 నిమిషాలకు పెట్టండి. ఆటోసేవ్ కరెంటు పోయినప్పుడు కాపాడుతుంది కానీ, పొరపాటున రెండు లేయర్లు కలిపేసి సేవ్ చేసుకుంటే కాపాడదు. దానికి వెర్షన్లు కావాలి. క్రిటాలో కంట్రోల్, ఆల్ట్, ఎస్ కలిపి నొక్కితే ఫైలు కొత్త నంబరుతో సేవ్ అవుతుంది. ప్రతి దశ అయ్యాక ఒకసారి అలా నొక్కండి. ఫైలు పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో, ఖాళీలు లేకుండా, కథ పేరు, పేజీ నంబరు, వెర్షన్ వరసలో పెట్టుకోండి. పేజీ నంబరు 01, 02 అని రెండంకెల్లో ఉండాలి. లేకపోతే కథ పది పేజీలు దాటిన రోజు ఫోల్డర్‌లో పదో పేజీ ఒకటో పేజీ పక్కన వచ్చి కూర్చుంటుంది.

ఎండాకాలం మన దగ్గర అరచేయి టాబ్లెట్‌కు అతుక్కుని గీత వణుకుతుంది. చిటికెన వేలు, ఉంగరపు వేలు మాత్రమే కప్పే గ్లౌజు తొడుక్కుంటే చెయ్యి జారుతుంది, గీత సాఫీగా వస్తుంది.

తెలుగువాళ్లకే వచ్చే తిప్పలు ఒకటుంది. డైలాగు టైపు చేసి మళ్లీ బొమ్మలోకి వస్తాం, కీబోర్డు తెలుగులోనే ఉండిపోతుంది. బ్రష్ కోసం 'బీ' నొక్కితే ఏమీ జరగదు. ప్రోగ్రామ్ పాడైందనుకుని రీస్టార్ట్ చేసేస్తాం. విండోస్‌లో విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది. అక్షరాల పనంతా ఒకే విడతలో చేస్తే ఈ బాధే ఉండదు.

షార్ట్‌కట్‌లు పది చాలు, ఎడమ చెయ్యి చూడకుండా అందుకునేవి. క్రిటాలో బ్రష్‌కు బీ, చెరపడానికి ఈ, కాన్వాస్‌ను అద్దంలోలా తిప్పి చూడటానికి ఎం, పక్కనున్న టూల్ పెట్టెలన్నీ దాచడానికి ట్యాబ్. కాన్వాస్ తిప్పడానికి 4, 6, మళ్లీ నిటారుగా పెట్టడానికి 5. అద్దంలో తిప్పి చూడటాన్ని పెన్సిల్ దశలోనే అలవాటు చేసుకోండి. వంకర మొహం ఇంకు అయ్యాక కనపడితే సరిచేయడానికి నాలుగింతల పని.

ఒకే టెంప్లేటు, ప్రింటుకూ ఫోన్‌కూ

ఏ4 పేజీ 210 × 297 మి.మీ. ప్రింటులో అంచు కోసేటప్పుడు తెల్లగీత రాకుండా నాలుగు వైపులా 3 మి.మీ. బ్లీడ్ కలిపితే 216 × 303 మి.మీ. 300 డీపీఐలో అది 2551 × 3579 పిక్సెళ్లు. కోత గీత నుంచి లోపలికి 10 మి.మీ. వదిలితే గీయడానికి 190 × 277 మి.మీ. మిగులుతుంది.

దీన్ని మూడు వరసలు, రెండు నిలువులుగా కోయండి. వరసల మధ్య 5 మి.మీ., పక్కపక్క ప్యానెళ్ల మధ్య 3 మి.మీ. గట్టర్ (ఖాళీ జాగా). ఒక్కో ప్యానెల్ 93.5 × 89 మి.మీ. వస్తుంది, అంటే సుమారు 1104 × 1051 పిక్సెళ్లు. ఈ కొలతలోనే కిటుకుంది. ఇన్‌స్టాగ్రామ్ పోస్టు వెడల్పు 1080. మన చిన్న ప్యానెల్ దానికంటే కాస్త పెద్దది కాబట్టి, ప్రింటుకు గీసిన ప్యానెల్‌నే విడిగా కోసి ఫోన్‌కు పెట్టొచ్చు, సాగదీయాల్సిన పని లేదు. 1080 × 1350 పోస్టులో అది 1028 ఎత్తు తీసుకుంటుంది. మిగిలిన 322 పిక్సెళ్లలో పైనా కిందా ఖాళీ వదలండి, లేదా కథనం పట్టీ పెట్టండి.

పెద్ద ప్యానెల్ కావాలంటే రెండు గళ్లు కలిపేయండి, వెడల్పు 2244 పిక్సెళ్లు అవుతుంది. అందులో ముఖ్యమైన మొహాలు, బెలూన్లు ఎడమ సగంలో కొన్ని, కుడి సగంలో కొన్ని వచ్చేలా పెడితే ఫోన్‌లో రెండు పోస్టులుగా కోసుకోవచ్చు. సరిగ్గా మధ్యలో మొహం పెడితే కోత ముక్కు మీదుగా పోతుంది.

టెంప్లేటులో లేయర్ గ్రూపులు పై నుంచి కిందికి ఇలా ఉండాలి: అక్షరాలు, ఫ్రేములు, నీడ, పాత్రల ఇంకు, పాత్రల రంగు, బ్యాక్‌గ్రౌండ్ ఇంకు, బ్యాక్‌గ్రౌండ్ రంగు, రఫ్. ఎనిమిది పేజీల్లోనూ ఇదే వరస, ఇవే పేర్లు. గట్టర్‌ను తెల్ల రంగుతో ఫ్రేముల లేయర్‌లో పైన వేసేస్తే, కింద రంగు ప్యానెల్ దాటి పోయినా కనపడదు. అంచు దగ్గర జాగ్రత్తగా రంగు ఆపే శ్రమ తప్పుతుంది.

స్క్రిప్టు: యాస స్పెల్లింగ్ ముందే ఖరారు చేయాలి

ఒక పేజీకి 5 లేదా 6 ప్యానెళ్లు, ప్యానెల్‌కు ఎక్కువలో ఎక్కువ మూడు బెలూన్లు, బెలూన్‌కు పది, పన్నెండు మాటలు. అంతకు మించితే ఆ ప్యానెల్‌ను రెండు చేయాలి, లేదా మాట తగ్గించాలి. మన స్క్రిప్టులో ఒక ముక్క:

పేజీ 2, ప్యానెల్ 3. దేవరకొండ బస్టాండు, పగలు. అవ్వ సంచి చంకన పెట్టుకుని బస్సు మెట్టు దగ్గర. కండక్టర్ డోర్‌లో.
అవ్వ: బిడ్డా, గీ బస్సు కొండమల్లేపల్లి దిక్కు పోతదా?
కండక్టర్: పోతదవ్వా, ఎక్కు. ఆ సంచి ఇటియ్యి.

యాసలో రాసేటప్పుడు ఒకే మాట మూడు రకాలుగా పడుతుంది. 'పోతున్నవ్', 'పోతున్నవు', 'పోతన్నవ్' మూడూ వినపడేవే. 'ఒస్త', 'వస్త'. 'గాడ', 'ఆడ'. పేజీలో చూసేవాడికి అది యాసలా అనిపించదు, అచ్చుతప్పులా కనిపిస్తుంది. స్క్రిప్టు పక్కనే ముప్పై, నలభై మాటల పట్టిక పెట్టుకుని, ఏ పాత్ర ఏ రూపం వాడుతుందో ఖరారు చేయండి. అవ్వ 'గీ', 'గాడ' అంటుంది. కాలేజీకి పోయే మనవడు 'ఈ', 'ఆడ' అనొచ్చు. పాత్రల తేడా మాటలోనే తెలుస్తుంది. స్క్రిప్టు దశలో వెతికి మార్చడం ఒక్క కమాండు పని. బెలూన్లలోకి ఎక్కాక ఒక్కోటి తెరిచి మార్చాలి.

రఫ్‌లోనే అసలు అక్షరాలు

ఈ మార్గదర్శిలో ఒక్క దశే పాటిద్దామనుకుంటే ఈ దశ పాటించండి. ఎనిమిది పేజీల రఫ్ బొమ్మలు ఒక్కసారే వేయాలి, అందులోనే నిజమైన ఫాంటుతో, నిజమైన సైజులో డైలాగులు పెట్టాలి. రఫ్‌లో ఖాళీ గుండ్రాలు వేసి, 'మాటలు ఇక్కడ వస్తాయి' అని వదిలేయడం దగ్గరే తెలుగు కామిక్ పని పాడవుతుంది.

కారణం మన మాటల పొడవు. తెలుగులో విభక్తులు, క్రియా రూపాలు మాటకే అతుక్కుని ఒక్కో మాట పొడుగవుతుంది, మధ్యలో విరవడానికీ కుదరదు. పైన అవ్వ డైలాగులో 'కొండమల్లేపల్లి' అన్న ఒక్క మాటే బెలూన్ వెడల్పు నిర్ణయిస్తుంది. దానికి 'దిక్కు' కలిపి, చుట్టూ ఖాళీ వదిలితే చిన్న ప్యానెల్ వెడల్పులో మూడో వంతు దాటుతుంది. ఇంగ్లిష్ కామిక్స్ చూసి నేర్చుకున్న సన్నటి నిలువు బెలూన్లు మనకు పనికిరావు. వెడల్పు బెలూన్లు కావాలి, వాటికి ప్యానెల్ పైభాగంలో జాగా కావాలి. అంటే పాత్రల తలలు కాస్త కిందికి రావాలి. ఈ సంగతి రఫ్‌లో తెలిస్తే రెండు నిమిషాల పని, ఇంకు అయ్యాక తెలిస్తే పూట పని.

అక్షరం సైజు ఫోన్‌ను బట్టి లెక్కేయాలి. 93.5 మి.మీ. ప్యానెల్ ఫోన్‌లో సుమారు 65 మి.మీ. వెడల్పులో కనపడుతుంది, అంటే దాదాపు 0.7 వంతు. ప్రింటులో 10 పాయింట్లున్న అక్షరం ఫోన్‌లో 7 పాయింట్లయి ఒత్తులు కలిసిపోతాయి. 12 పాయింట్లు పెడితే ఫోన్‌లో 8.3 వస్తుంది, చదవొచ్చు. 300 డీపీఐలో 12 పాయింట్లంటే 50 పిక్సెళ్లు. పేజీ మొత్తాన్ని ఫోన్‌లో పెడితే అదే అక్షరం 4 పాయింట్లకు కూడా రాదు. అందుకే ఫోన్‌కు ప్యానెళ్లుగానే కోయాలి.

లైన్ల మధ్య దూరం అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లు పెట్టండి, 50 పిక్సెళ్ల అక్షరానికి 75. ప్రోగ్రాములు తమంతట తాము ఇచ్చే 120 శాతం దూరం తెలుగుకు చాలదు. పై లైనులో 'స్త్రీ' ఒత్తులు కిందికి దిగుతాయి, కింది లైనులో 'కీ' గుడి దీర్ఘం పైకి లేస్తుంది, రెండూ గుద్దుకుంటాయి.

లైను ఎక్కడ విరవాలన్నది చదివే ఊపిరిని బట్టి:

బిడ్డా, గీ బస్సు
కొండమల్లేపల్లి దిక్కు
పోతదా?

మధ్య లైను వెడల్పు, పైనా కిందా చిన్నవి. కోలగా ఉన్న బెలూన్‌లో చక్కగా కూర్చుంటుంది. అదే 'బిడ్డా, గీ' దగ్గర విరిచి 'బస్సు' కిందికి తోస్తే 'గీ' గాల్లో వేలాడుతుంది. విశేషణాన్ని దాని మాట నుంచి విడదీయకూడదు.

గీసే ప్రోగ్రాములో తెలుగు సరిగా వస్తుందో లేదో మొదటిరోజే పరీక్షించండి. 'స్త్రీ, శ్రీ, లక్ష్మి, రాష్ట్రం, కర్త' అని టైపు చేసి చూడండి. ఒత్తు కిందికి రాకుండా పక్కన పొల్లుతో నిలబడితే ఆ ప్రోగ్రాములో అక్షరాలు వేయకండి. ఫోటోషాప్‌లో ఇలా వస్తే టైప్ ప్రిఫరెన్సెస్‌లో దక్షిణాసియా లిపులకు పనికొచ్చే వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోవాలి. ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ కంపోజర్‌ను వరల్డ్ రెడీకి మార్చాలి. ఇంక్‌స్కేప్‌లో ఏమీ మార్చక్కర్లేదు, తెలుగు సరిగానే కలుస్తుంది.

ఇంక్‌స్కేప్, క్రిటా కలిపి వాడే తీరు ఇది. ఇంక్‌స్కేప్‌లో 216 × 303 మి.మీ. పేజీ తెరవండి. రఫ్ బొమ్మను చిన్న జేపెగ్‌గా అడుగున పెట్టి లాక్ చేయండి. పైన అక్షరాలు, బెలూన్లు వేయండి. అడుగు బొమ్మ దాచి, పేజీ మొత్తాన్ని 300 డీపీఐలో పారదర్శక పీఎన్‌జీగా ఎక్స్‌పోర్ట్ చేయండి. క్రిటాలో దాన్ని ఫైల్ లేయర్‌గా తెచ్చుకోండి. కొలతలు ఒకటే కాబట్టి జరపకుండానే సరిగ్గా కూర్చుంటుంది. రేపు డైలాగు మారితే ఇంక్‌స్కేప్‌లో మార్చి అదే పేరుతో ఎక్స్‌పోర్ట్ చేయండి, క్రిటాలో లేయరు దానంతటదే మారుతుంది.

ఫాంటు విషయంలో ఎక్కువ తిరగకండి. డైలాగుకు మండలి గానీ నోటో సాన్స్ తెలుగు గానీ చాలు. కథ పేరుకు రామభద్ర వంటి లావుది, లేదా గోలకొండ పత్రిక నడిపిన మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టుకున్న సురవరం ఫాంటు బాగుంటుంది. అది హెడ్డింగులకే, డైలాగు సైజులో వాడకండి. ఇవన్నీ యూనికోడ్ ఫాంట్లు, ఉచితం. ఎవరైనా డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో (యూనికోడ్ కాని డీటీపీ ఫాంట్లు) టైపు చేయించి తెస్తే, యూనికోడ్‌కు మార్చకుండా అతికించకండి, పిచ్చి గుర్తులు వస్తాయి. 'ధడేల్', 'ఫెళ్' లాంటి చప్పుళ్లకు ఫాంటు వెతక్కండి. చేత్తో ఒకసారి గీసి, విడి ఫైళ్లుగా దాచుకుని తిరిగి వాడుకోండి.

బ్యాక్‌గ్రౌండ్ ఒకసారే

బస్టాండు నాలుగు పేజీల్లో వస్తుంది. ముందు కాగితం మీద దాని ప్లాను గీయండి: ప్లాట్‌ఫారాలు ఎటు, బస్సులు ఎటునుంచి వస్తాయి, టీ కొట్టు ఎక్కడ. ప్లాను మీద నాలుగు చోట్ల బాణం గుర్తులు పెట్టి, కథలో ప్రతి ప్యానెల్ ఏ బాణం నుంచి చూసినదో రఫ్‌లో నంబరు వేయండి. సాధారణంగా నాలుగు చూపులతో పదిహేను ప్యానెళ్లు నడుస్తాయి. ఆ నాలుగూ ఫోటోలు తీయండి, కంటి ఎత్తులో, ఒకే పూట. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి తీస్తే నీడలు కలవవు.

నాలుగు చూపులనూ పెద్ద కాన్వాస్ మీద, 5000 పిక్సెళ్ల వెడల్పున, మనుషులు లేకుండా గీసి పెట్టుకోండి. పర్‌స్పెక్టివ్ గీతలకు క్రిటాలోని అసిస్టెంట్ టూల్‌తో వానిషింగ్ పాయింట్ (దూరం పోయే గీతలన్నీ కలిసే చుక్క) పెట్టుకుంటే చేతి గీత దానికే అతుక్కుంటుంది. ప్రతి ప్యానెల్‌కు కావలసిన ముక్క కోసుకోండి. ఇక్కడ అందరికీ తగిలే దెబ్బ ఒకటుంది. ముక్కను పెంచితే గీతలూ లావవుతాయి, వెనకున్న స్తంభం గీత ముందున్న అవ్వ మొహం గీత కంటే మందంగా తేలి కళ్లకు గుచ్చుకుంటుంది. అందుకే పెద్దగా గీసి చిన్నగా వాడాలి. మరీ 60 శాతం కంటే తగ్గిస్తే సన్నగీతలు మాయమవుతాయి, అప్పుడు ముఖ్యమైన అంచుల మీద మళ్లీ ఒక గీత తిప్పండి.

మన నేలకు పనికొచ్చే చిన్న లైబ్రరీ కూడా కట్టుకోండి: తాటిచెట్లు మూడు రకాలు, సర్కారు తుమ్మ రెండు, గుండ్రటి బండరాళ్ల గుట్ట ఒకటి దూరంగా, ఒకటి దగ్గరగా, బత్తాయి తోట వరస, ఆర్టీసీ బస్సు మూడు కోణాల్లో. ఏది అతికించినా అద్దంలో తిప్పడమో, ఒక కొమ్మ మార్చడమో చేయండి. బస్సును మాత్రం తిప్పకండి, బోర్డు మీద అక్షరాలు తిరగబడతాయి, డోరు రోడ్డు వైపు వస్తుంది.

పానగల్ ఛాయా సోమేశ్వరాలయంలో స్తంభాలు ఎక్కువ. ఒక స్తంభం వివరంగా గీసి మిగతావాటికి కాపీ చేసుకోవచ్చు, ఒకటి రెండింటికి అంచు విరిగినట్టు మార్చితే చాలు. గర్భగుడి ప్యానెల్ దగ్గర మాత్రం నిదానించండి. ఆ గుడికి పేరే లింగం మీద పగలంతా కదలకుండా నిలిచే నీడ వల్ల వచ్చింది. ఒక ప్యానెల్‌లో నీడ ఎడమకూ, తర్వాతి దాంట్లో కుడికీ పడితే నల్లగొండ పాఠకుడు అక్కడే పట్టేస్తాడు. లింగం, నీడ కలిపి ఒకే బొమ్మగా ఒక్కసారి గీసి, మూడు ప్యానెళ్లలోనూ దాన్నే వాడండి.

ఇంకు: బ్రష్‌లు మూడు

ముందున్న పాత్రలకు 12 నుంచి 14 పిక్సెళ్లు, మధ్యలో ఉన్నవాటికి 9, వెనక కట్టడాలకు 5. వీటిని మూడు వేరు బ్రష్‌లుగా సేవ్ చేసుకోండి. సైజు మారుస్తూ కూర్చోకండి. 3 పిక్సెళ్ల కంటే సన్నగీత ఫోన్‌లో కనపడదు, ప్రింటులో విరుగుతుంది.

జూమ్ 50 నుంచి 66 శాతం మధ్య ఉంచండి. 300 శాతం జూమ్‌లో కనురెప్పలు లెక్కపెడుతూ గీసిన గంట ఎవరికీ కనపడని గంట. పేజీల వరసలో కాకుండా పాత్రల వరసలో ఇంకు చేయండి. ముందు ఎనిమిది పేజీల్లో అవ్వ, తర్వాత ఎనిమిది పేజీల్లో మనవడు, తర్వాత మిగతావాళ్లు. ఒకే మొహాన్ని వరసగా గీస్తే చెయ్యి దానికి అలవాటు పడుతుంది, మొదటి పేజీ అవ్వ, ఎనిమిదో పేజీ అవ్వ ఒకే మనిషిలా ఉంటుంది.

గద్వాల చీర ఎలా వేయాలి

అవ్వ పండగ చీర కట్టుకుని గుడికి పోతోంది. గద్వాల చీరలో ఒడలు నూలు, అంచూ కొంగూ పట్టు. ఇది తెలిస్తే సగం పని తగ్గుతుంది. ఒడలికి మెరుపు అక్కర్లేదు, ఒక చదును రంగు, దాని మీద మామూలు నీడ, అంతే. వెలుగు గీతలు అంచు మీదా కొంగు మీదా మాత్రమే పడాలి. మొత్తం చీరకు మెరుపు పెడితే పనీ ఎక్కువ, చూసేవాళ్లకు అది గద్వాల చీరలానూ ఉండదు.

అంచు డిజైన్‌ను ప్రతి ప్యానెల్‌లో గీయకండి. 512 × 512 పిక్సెళ్ల కొత్త ఫైలు తెరిచి, క్రిటాలో డబ్ల్యూ నొక్కండి. కుడి అంచు దాటిన గీత ఎడమ నుంచి వస్తుంది, అతుకు కనపడని ముక్క తయారవుతుంది. దాన్ని ప్యాటర్న్‌గా సేవ్ చేసుకుని పొడవాటి పట్టీ నింపండి. ప్యానెల్‌లో ఆ పట్టీని చీర అంచు మీద పెట్టి, ట్రాన్స్‌ఫామ్ టూల్‌లోని వార్ప్‌తో మడతల వెంట వంచండి. మడత లోపలికి పోయిన చోట డిజైన్ తెగాలి, ఇవతల మడతలో కాస్త జరిగి మళ్లీ మొదలవ్వాలి. తెగకుండా సాగితే చీర బదులు గోడకు అంటించిన కాగితంలా కనపడుతుంది. దూరం షాట్లలో డిజైన్ తీసేసి రెండు రంగు గీతలు చాలు.

పోచంపల్లి చీరైతే సంగతి వేరు. నూలును ముందే కట్టి రంగులద్ది తర్వాత నేస్తారు కాబట్టి డిజైన్ అంచులు కాస్త ఈకల్లా చెదిరి ఉంటాయి. ప్యాటర్న్ ముక్క చేసేటప్పుడే ఆ అంచులను స్మడ్జ్ బ్రష్‌తో కొద్దిగా లాగి పెట్టుకోండి.

రంగులు

ఇంకు లేయర్‌ను ఆధారంగా పెట్టి, ఫిల్ టూల్‌లో 2 పిక్సెళ్లు పెంచే సెట్టింగు ఇవ్వండి. లేకపోతే గీతకూ రంగుకూ మధ్య సన్నటి తెల్ల పొర మిగులుతుంది. రంగు బయటికి కారితే గీతలో ఎక్కడో ఖాళీ ఉన్నట్టు. ఖాళీలు ఎక్కువున్న పేజీకి క్రిటాలోని కలరైజ్ మాస్క్ మంచిది, ఒక్కో భాగం మీద రంగు గీత పెడితే హద్దులు అదే వెతుక్కుంటుంది.

కథంతా ఇరవై నాలుగు రంగుల్లో తేల్చుకోండి. ఎర్ర చల్క నేల, నల్ల రేగడి, బూడిద, గులాబి కలిసిన బండరాయి, ఎండకు తెల్లబోయిన ఆకాశం, నాలుగైదు చామనఛాయ ఒంటి రంగులు. ఫోటోల నుంచి తీసి ప్యాలెట్‌లో పెట్టండి. ఒంటి రంగులు స్క్రీన్ మీద అందంగా ఉన్నాయని తెల్లబరచకండి, మన మనుషుల రంగు మన కామిక్‌లో కనపడాలి. నీడకు మొత్తం ఒకే ఊదా రంగు మల్టిప్లై లేయర్ (కింది రంగులను ముదురు చేసే పొర), 40 నుంచి 50 శాతం. సాయంత్రం పేజీలకు పైన ఒక నారింజ పొర. ప్రతి వస్తువుకు విడిగా నీడ రంగు కలుపుకుంటూ కూర్చుంటే ఈ దశ ఎన్నటికీ తెమలదు.

వారాల లెక్క

రోజుకు గంటన్నర దొరికితే 8 పేజీలకు ఆరు వారాలు వేసుకోండి. మొదటి వారం స్క్రిప్టు, అక్షరాలతో రఫ్. రెండోది బ్యాక్‌గ్రౌండ్ లైబ్రరీ, పెన్సిల్. మూడు, నాలుగు ఇంకు. ఐదు చదును రంగులు. ఆరు నీడలు, ఎక్స్‌పోర్ట్. ఎనిమిదో పేజీ రఫ్ అయ్యేదాకా ఒకటో పేజీకి ఇంకు ముట్టుకోకూడదు. మధ్యలో కథ మారితే పోయేది రఫ్ మాత్రమే కావాలి. ఇద్దరు కలిసి చేస్తుంటే చదును రంగులు, అక్షరాలు ఒకరికి ఇవ్వండి, టెంప్లేటు ఒకటే కాబట్టి అడ్డం రారు.

బయటికి పంపడం

ఫోన్‌కు జేపెగ్, నాణ్యత 85 నుంచి 90. వాట్సాప్‌లో ఎవరికైనా చూపించాలంటే ఫోటోగా పంపితే కుదించేస్తుంది, అక్షరాల అంచులు మసకబారతాయి. డాక్యుమెంటుగా పంపండి. నిలువుగా జరుపుతూ చదివే వెబ్‌టూన్‌కు 800 పిక్సెళ్ల వెడల్పు, 1280 ఎత్తు ముక్కలు. అక్కడ ప్యానెళ్ల మధ్య ఖాళీ ఎక్కువ కావాలి, మామూలుగా 100 పిక్సెళ్లు, సన్నివేశం మారే చోట 400.

ప్రింటుకు అక్షరాలు లేని బొమ్మ ఒకటి, అక్షరాల వెక్టర్ ఫైలు ఒకటి విడివిడిగా స్క్రైబస్‌లోకి తేవాలి. ఇంక్‌స్కేప్‌లో ముందు ఫైలు కాపీ చేసి, ఆ కాపీలో అక్షరాలను పాత్‌లుగా (గీతల ఆకారాలుగా) మార్చండి. అప్పుడు ప్రెస్సులో మీ ఫాంటు లేకపోయినా ఒత్తులు విరగవు. అసలు ఫైలు మార్చకుండా ఉంచుకోండి, పాత్ అయిన అక్షరాన్ని మళ్లీ దిద్దలేరు. స్క్రైబస్ రంగుల జాబితాలో అక్షరాల నలుపును సీ 0, ఎం 0, వై 0, కే 100కు, అంటే నల్ల ఇంకు ఒక్కటే పడేలా, మార్చండి. స్క్రీన్ నలుపును అలాగే పంపితే ప్రింటులో నాలుగు ఇంకులు కలిసిన నలుపవుతుంది. ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా అక్షరాల చుట్టూ ఎర్ర, నీలి అంచులు కనపడతాయి, 12 పాయింట్ల తెలుగు ఒత్తులు పూడుకుపోతాయి.

సెంటర్ పిన్ పుస్తకానికి మొత్తం పేజీలు నాలుగుతో భాగించబడాలి. మన 8 పేజీలకు అట్ట నాలుగు కలిపి 12 అవుతుంది, సరిపోతుంది. వంద కాపీలకు ముందు ఒక్క పేజీని మీరు వాడబోయే కాగితం మీదే కలర్ ప్రింటు తీయించి చూడండి. ఒంటి రంగులు స్క్రీన్ కంటే ముదురుగా దిగితే నీడ లేయర్‌ను పది శాతం తగ్గించి ఎనిమిది పేజీలూ మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయండి. నీడంతా ఒకే లేయర్‌లో ఉంది కాబట్టి పేజీకి ఒక నిమిషం పని.